ఇంటి ముందు కారు, రోజుకు మూడు వందల కూలీ



ఈసారి రాసేది పురుగు మందుల గురించి కాదు, కారు గురించి. పొడుగ్గా ఉంటది, ఓపిక చేసుకొని చదవండి. కొందరికి కోపం వస్తది. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి, పడతాను.

మొన్న సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది. అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది, ఇప్పుడు 18 శాతం. ఆరు లక్షల కారు మీద యాభై వేల దాకా తగ్గుద్ది. దసరా నుంచి మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇదే ముచ్చట. ఎరువుల షాపు కాడ ఇదే, పత్తి కాంటా కాడ ఇదే. మొంథా తుఫానుకు పత్తి తడిసింది. ఇంటి ముందర పరదాల మీద ఆరబోసుకున్నాం. తేమ 12 శాతం దాటితే సీసీఐ వాళ్ళు కొనరని రోజుకు నాలుగుసార్లు పిడికిట్లో పట్టి చూసుకుంటున్నాం. ఆ పత్తి పక్కనే కూర్చొని ఒక తమ్ముడు నన్ను అడుగుతున్నాడు, "బాబాయ్, ఇప్పుడు కారు తీసుకోకపోతే ఇంకెప్పుడు తీసుకుంటాం?" అని.

అదే సెప్టెంబర్ 22న ట్రాక్టర్ల మీద, డ్రిప్పు మీద, స్ప్రింక్లర్ల మీద కూడా 12 నుంచి 5 శాతానికి తగ్గింది. దాని గురించి మాట్లాడినోడు నాకు ఒక్కడు కూడా తగల్లేదు. నా బాధ అక్కడ మొదలైంది.

నేను చెప్పదలుచుకున్న మాట ఒక్కటే. ఐదెకరాల లోపు రైతు, పంట మీద తప్ప వేరే రాబడి లేనోడు, అప్పు చేసి కారు కొంటే ఆ కారు ఏడాదికి రెండెకరాల మిర్చి లాభం తినుద్ది. ఊరికే అనట్లేదు. నేను తినిపించాను. నోటుబుక్కులో రాసి పెట్టాను. ఆ లెక్క మీ ముందు పెడుతున్నాను.

2021-22లో నల్ల తామర పురుగు మన మిర్చి తోటల్ని ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పూతలో దూరి పూతంతా రాల్చేసింది. తోటలు దున్నేసుకున్నోళ్ళం ఎందరమో. ఆ తర్వాత 2023 వేసవిలో ఖమ్మం మార్కెట్లో తేజ క్వింటా ఇరవై వేలు దాటింది. అప్పులు కట్టంగా చేతిలో కొంత డబ్బు నిలబడింది. చాలా ఏళ్ళకు నిలబడ్డ డబ్బు. అప్పటికి మా పిల్లాడికి సంబంధాలు చూస్తున్నాం. మధ్యవర్తి వచ్చి "ఇంటి ముందు కారుంటే మాట వేరేగా ఉంటది" అన్నాడు. నాకూ లోపల ఉంది ఆశ. లేదని అబద్ధం చెప్పను.

పాత కారు కొన్నాను. 2018 మోడల్, పెట్రోలు బండి. ధర 4,20,000. చేతిలోది 1,70,000 కట్టాను. మిగతా 2,50,000 ఫైనాన్స్. వడ్డీ 14 శాతం, నాలుగేళ్ళు, నెలకు 6,832 కిస్తీ. "నెలకు ఏడు వేలే కదా" అనుకున్నాను. అందరం అట్లనే అనుకుంటాం. షోరూం వాడు మనకు కారు ధర చెప్పడు, కిస్తీ చెబుతాడు. కిస్తీ చిన్నగా కనపడుద్ది.

కొన్న తర్వాత ఏడు ఎందుకో అనుమానం వచ్చి ప్రతి ఖర్చూ రాయడం మొదలుపెట్టాను. 2024 ఏప్రిల్ ఒకటి నుంచి 2025 మార్చి ఆఖరుదాకా పన్నెండు నెలల లెక్క ఇది.

తరుగు: 55,000
ఫైనాన్స్ వడ్డీ: 19,500
ఇన్సూరెన్స్: 9,800
సర్వీసింగ్: 6,200
టైర్లు, బ్యాటరీ (ఏడాది వంతు): 4,850
రిపేర్లు: 11,550
పంచర్లు, కడిగించడం, పొల్యూషన్ సర్టిఫికెట్, పార్కింగు: 2,600
పెట్రోలు: 37,440

మొత్తం: 1,46,940 రూపాయలు.

ఇప్పుడు ఒక్కొక్కటి విప్పి చెబుతాను.

మొదటిది తరుగు. మార్కెట్లో బస్తాకు కిలో తరుగు ఎక్కువ తీస్తే కాంటా ఆపి గొడవ చేస్తాం. కారు తరుగు మాత్రం మన కళ్ళకు ఆనదు. నేను 4,20,000కు కొన్న కారుకు రెండేళ్ళ తర్వాత డీలర్ చెప్పిన ధర 3,10,000. అంటే లక్షా పది వేలు ఆవిరైంది. ఏడాదికి 55 వేలు. జేబులోంచి తీసి ఇవ్వలేదు కాబట్టి ఖర్చు కాదనుకుంటాం. కొత్త కారైతే ఇంకా ఎక్కువ. ఇన్సూరెన్స్ వాళ్ళు కారు విలువ కట్టే పట్టీ చూడండి. ఏడాది లోపలే 15 శాతం తీసేస్తారు. రెండేళ్ళకు 20, మూడేళ్ళకు 30, నాలుగేళ్ళకు 40, ఐదేళ్ళకు సరిగ్గా సగం. మీరు ఆరు లక్షల కారు కొంటే, అది ఇంట్లో నిద్రపోయినా సరే, ఐదేళ్ళకు ఆ పట్టీ ప్రకారం మూడు లక్షలది. ఇప్పుడు జీఎస్టీలో తగ్గింది యాభై వేలు, అదీ ఒక్కసారే. తరుగులో పోయేది ఏటా అంతకంటే ఎక్కువ.

ఇందులో ఇంకో సంగతి ఉంది. కొత్త కారు ధర తగ్గితే పాత కారు ధర కూడా దాంతోపాటే తగ్గుద్ది. మార్చిలో 3,10,000 అన్న డీలరే దసరా తర్వాత నా కారుకు 2,70,000 అన్నాడు. కొత్తగా కొనేవాడికి పండగ. నిరుడు కొన్నోడికి దెబ్బ. రేపు ఇంకో పన్ను తగ్గితే ఇవాళ కొన్నోడికీ అదే దెబ్బ.

రెండోది, లెక్కలో కిస్తీ ఎందుకు లేదని అడుగుతారు. కిస్తీలో అసలు ఉంటది, వడ్డీ ఉంటది. అసలును తరుగు కింద ఒకసారి లెక్క కట్టాను, మళ్ళీ కిస్తీ కింద కడితే రెండుసార్లు అవుద్ది. అందుకే వడ్డీ వరకే రాశాను. నాలుగేళ్ళకు కలిపి వడ్డీ 77,936. ఏడాదికి పంచితే 19,500.

మూడోది ఇన్సూరెన్స్. థర్డ్ పార్టీ అనేది చట్టం ప్రకారం ప్రతి బండికీ ఉండాల్సిందే. 2022 జూన్ నుంచి వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ దాకా 3,416, ఆపైన 7,897. దీని మీద జీఎస్టీ వేరే. అయితే థర్డ్ పార్టీ అంటే మన కారు వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికే. మన కారుకు ఏమైనా పైసా రాదు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. బూర్గంపాడు వైపు ఎట్లా మునిగిందో చూశాం. 2024 సెప్టెంబర్ ఒకటిన మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలకు కాలనీలే మునిగితే కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనపడ్డాయి. అట్లాంటి టైములో ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నోడికే క్లెయిము. అందులో కూడా రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. నీళ్ళలో మునిగిన కారుకు తాళం తిప్పి స్టార్ట్ చేస్తే ఇంజన్లోకి నీళ్ళు లాగి పాడైపోద్ది, దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అని వేరేగా కట్టకపోతే ఇవ్వరు. మన ఊళ్ళల్లో ఎంతమంది మొదటి ఏడు ఫుల్ ఇన్సూరెన్స్ కట్టి, రెండో ఏడు థర్డ్ పార్టీకి దిగి, మూడో ఏడు అసలు కట్టకుండా తిరుగుతున్నారో మీకే తెలుసు.

నాలుగోది, బండి ఊరికే నిలబడితే ఖర్చు ఉండదు అనుకోవడం. ఇది పెద్ద పొరపాటు. ఇంజన్ ఆయిలు పది వేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే దానికి మార్చాలి. నేను ఆ ఏడు తిరిగింది 5,200 కిలోమీటర్లే, అయినా మార్చాల్సిందే. టైరు అరక్కపోయినా ఐదారేళ్ళకు గట్టిపడి పగుళ్ళిస్తది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. పాత కారు కొనేటప్పుడు టైరు బటన్లు చూస్తారు, ఆ అంకెలు ఎవరూ చూడరు. పది రోజులు కదలకపోతే బ్యాటరీ దిగుద్ది. మనది అడవి పక్క ఊరు. ఎలుకలు ఇంజన్లో దూరి వైర్లు కొరికితే 3,400 అయింది. కోతులు వైపర్లు పీకితే 850. మన రోడ్ల గుంటలకు ముందు బుష్‌లు, లింకు రాడ్లు పోయి 7,300. పట్నంలో తారు రోడ్డు మీద తిరిగే కారూ, పొలం బాట మీద తిరిగే కారూ ఒకటి కాదు.

ఐదోది పెట్రోలు. మనమందరం కారు ఖర్చంటే ఇదే అనుకుంటాం. లీటరు 108 లెక్కన, లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చింది. మొత్తం ఖర్చులో పెట్రోలు నాలుగో వంతే. మిగతా మూడు వంతులూ మనం లెక్కలోకి తీసుకోనివే.

పెట్రోలు పక్కన పెట్టి మిగతావి కూడండి. 1,09,500. దాన్ని 365 రోజులకు పంచండి. రోజుకు సరిగ్గా 300 రూపాయలు. మా వైపు మిర్చి ఏరే కూలీకి ఇచ్చేది కూడా అటూ ఇటూగా అంతే. అంటే నేను రోజూ పొద్దున్నే ఒక మనిషిని కూలీకి పిలిచి, ఇంటి ముందు అరుగు మీద కూర్చోబెట్టి, ఏ పనీ చెప్పకుండా, సాయంత్రం మూడు వందలు చేతిలో పెట్టి పంపినట్టు. ఆదివారం లేదు, పండగ లేదు. నా నోటుబుక్కు ప్రకారం ఆ ఏడు కారు గేటు దాటింది 71 రోజులు. మిగతా 294 రోజులు నిలబడే కూలీ తీసుకుంది. మా ఇంటామె ఒకరోజు, "వట్టిపోయిన గేదెకైనా ఇంత దాణా పెట్టం" అంది. నేనేం మాట్లాడలేదు.

కిలోమీటరుకు చూస్తే 1,46,940ని 5,200తో భాగించండి. 28 రూపాయల పైన. మా వైపు కిరాయి కారు కిలోమీటరుకు 15, డ్రైవర్ బత్తా 500. ఖమ్మం పోయి రావడం వంద కిలోమీటర్లు అనుకుంటే బత్తాతో కలిపి కిలోమీటరుకు 20 పడుద్ది. సొంత కారు 28, కిరాయి కారు 20. కిరాయి కారులో డ్రైవింగు బాధ లేదు, పంచరైతే మన చేతులకు మట్టి అంటదు.

ఇంకో లెక్క. నా లాంటి కారుకు సొంతమే నయమనిపించాలంటే ఏడాదికి ఎనిమిదిన్నర వేల కిలోమీటర్ల పైన తిరగాలి. అంటే నెలకు ఏడు వందల పైన. ఇందులో ఎంతమంది తిరుగుతున్నాం? మీటరు చూసుకోండి, మీకే తెలుస్తది.

ఇక పంట వైపు నుంచి చూద్దాం. ఆ ఏడు, అంటే 2025 మొదట్లో, మిర్చి పదమూడు వేలకు దిగింది. ఎకరాకు నాకు 20 క్వింటాళ్ళు వచ్చాయి, 2,60,000. పెట్టుబడి, కోత కూలీలు, బస్తాలు, కిరాయిలు కలిపి 1,90,000. ఎకరాకు మిగిలింది 70,000. కారు తిన్నది 1,46,940. రెండెకరాల మిర్చి లాభం కారు కిందికి పోయింది. పత్తి లెక్కలో చెప్పమంటారా? 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110. కారు ఖర్చు 18 క్వింటాళ్ళ పత్తి. మన ఎర్ర నేలల్లో రెండెకరాలు మొత్తం తీసినా 18 క్వింటాళ్ళు వస్తే గొప్పే. అది లాభం కూడా కాదు, విత్తనం, ఎరువు, తీత కూలీ ఏదీ తీసేయని మొత్తం పంట. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు. నాలుగెకరాలకు 48 వేలు. నా కారు తరుగే 55 వేలు. భరోసా కోసం బ్యాంకు మెసేజి ఎప్పుడొస్తదా అని ఫోను చూసుకుంటాం. అంతకంటే ఎక్కువ డబ్బు ఇంటి ముందర ఎండలో కరిగిపోతుంటే దానికి కవరు కప్పి మురుసుకుంటాం.

అసలు ప్రమాదం ఇంకోటుంది. ఉద్యోగస్తుడికి ఒకటో తారీకు జీతం పడుద్ది, ఐదో తారీకు కిస్తీ పోద్ది. మనకు డబ్బు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తది, కిస్తీ మాత్రం పన్నెండుసార్లు వస్తది. పంట అమ్మిన రెండు మూడు నెలలు బాగానే ఉంటది. జూలై నుంచి చూడండి. నాట్లు, ఎరువులు, మందులు, కలుపు కూలీలు, అన్నీ అప్పుడే. 2024 సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, మూడు నెలలు నాకు కిస్తీ కట్టడానికి చేతిలో లేవు. చెక్ బౌన్స్ అయితే పరువు పోద్దని 20,500 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాను. ఆరు నెలల తర్వాత తీర్చేసరికి వడ్డీ 2,460. అది పై లెక్కలో లేదు. ఆ మూడు నెలల్లోనే మిర్చికి ఒక దఫా మందు వారం రోజులు ఆలస్యంగా కొట్టాను, డబ్బు లేక. ఆ వారంలో ఎన్ని కాయలు పోయాయో ఏ నోటుబుక్కులోనూ రాయలేను.

పంట రుణం మూడు లక్షల దాకా 7 శాతానికి ఇస్తారు, టైముకు కడితే 4 శాతమే పడుద్ది. ఆ 4 శాతం అప్పు కోసం బ్యాంకు చుట్టూ పదిసార్లు తిరుగుతాం, పాసుబుక్కు, ఆధారు జిరాక్సులు పట్టుకొని. కారుకు 14 శాతం అప్పు గంటలో ఇస్తే గబగబా సంతకం పెడతాం. ఎందుకు గంటలో ఇస్తున్నాడో ఒక్క నిమిషం ఆలోచించం. వాడికి కారు తాకట్టు ఉంది. కిస్తీ తప్పితే కారు పట్టుకుపోతాడు. ఎండైనా వానైనా వాడి పంట పండినట్టే.

ఇప్పుడు మీరు అడిగేవి నాకు తెలుసు.

"రాత్రిపూట గుండె నొప్పి వస్తే? గర్భిణీని తీసుకుపోవాలంటే?" న్యాయమైన మాట. నేను కూడా మా అమ్మను రెండుసార్లు అదే కారులో తీసుకుపోయాను. 108 ఉంది, 2005 నుంచి నడుస్తుంది. కానీ అడవి లోపలి గుంపులకు ఏ వాహనం రావాలన్నా టైం పట్టుద్ది. అందుకే ఊరికి ఒకటో రెండో కార్లు ఉండాలి, నేను కాదనను. ఊరిలో ముప్పై ఇళ్ళ ముందు ముప్పై కార్లు ఎందుకు? ఆ ఏడు ఆసుపత్రికీ, తప్పని పనులకూ నేను తిరిగింది 14 ట్రిప్పులు, 1,400 కిలోమీటర్లు. కిరాయికి పోయినా 28 వేలు. మిగతా పనులకు బైకు, బస్సు. ఆడవాళ్ళకు 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో టికెట్టే లేదు. అన్నీ కలిపినా 40 వేలు దాటదు. మిగతా లక్ష రూపాయలు నేను దేనికి పెట్టినట్టు?

"కారు లేకపోతే పిల్లనివ్వరు." ఇది విని విని నాకు విసుగొచ్చింది. మా పిల్లాడికి చూడటానికి వచ్చిన పిల్ల తండ్రి, ఆయనా రైతే, కారు చుట్టూ ఒక రౌండు తిరిగి నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు, "బావగారూ, దీని మీద ఫైనాన్స్ ఇంకా ఎంతుంది?" అని. ఆయనకు లెక్క తెలుసు. మధ్యవర్తికే తెలీదు. పిల్లనిచ్చేవాళ్ళు బోరు ఉందా, అప్పు ఎంతుంది, పిల్లాడు పని చేస్తాడా అని చూస్తారు. కారు చూసి పిల్లనిచ్చేవాడు రేపు కారు అమ్మితే ఏం చేస్తాడు?

"పట్నం వాళ్ళు ఎక్కాలి, మనం ఎక్కకూడదా? రైతు కారెక్కితే ఓర్వలేవా?" ఈ మాటకు నేను గట్టిగానే జవాబు చెబుతాను. ఎక్కాలి. రైతు కారెక్కాలి, ఏసీలో కూర్చోవాలి, ఎవరికీ తక్కువ కాదు. కానీ మన పంటకు ధర లేక నష్టపోతే రోడ్డెక్కి అడుగుతాం, సర్కారును నిలదీస్తాం. మన చేతులారా మనమే ఏటా లక్షన్నర తీసుకుపోయి కంపెనీకీ, ఫైనాన్స్ వాడికీ, పెట్రోలు బంకుకూ ఇస్తుంటే దానికి గౌరవం అని పేరు పెట్టుకోవడం నాకు నచ్చదు. అప్పు లేకుండా, పంటకు పెట్టుబడి పక్కన పెట్టుకొని, బోరుకూ డ్రిప్పుకూ ఖర్చు పెట్టిన తర్వాత ఇంకా మిగిలితే కొనుక్కోండి. నేనే వచ్చి కొబ్బరికాయ కొడతాను.

కొందరు "కిరాయిలకు తిప్పుకుంటా, ఖర్చు వెళ్ళిపోద్ది" అంటారు. వాళ్ళకు ఒక హెచ్చరిక. తెల్ల నంబరు ప్లేటు కారును కిరాయికి తిప్పకూడదు. ఆ టైములో యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్స్ కంపెనీ, సొంత వాడకానికి ఇచ్చిన పాలసీ కిరాయికి వర్తించదని చేతులు దులుపుకుంటది. ఎక్కినోళ్ళకు దెబ్బలు తగిలితే నష్టపరిహారం పొలం అమ్మి కట్టాల్సి వస్తది. డీజిల్ పోయించుకొని పెళ్ళికి పంపితే ఏమవుద్ది అనుకోకండి. తిప్పాలంటే పసుపు బోర్డు తీసుకొని, పర్మిట్టు, ఫిట్‌నెస్ పెట్టుకొని సరిగ్గా తిప్పండి. అది కారు కొనడం కాదు, వ్యాపారం. దాని లెక్క వేరు.

పాత కారు కొనేవాళ్ళకు ఇంకో రెండు ముక్కలు. మనది సరిహద్దు. భద్రాచలం దాటితే ఎటపాక, అది ఆంధ్ర. ఆ వైపు నుంచి కారు చవకగా వస్తుందని తెచ్చుకుంటారు. ఏడాది దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరుకు మార్చాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. అప్పుడు ఆ చవక ఎటు పోయిందో కనపడదు. రెండోది, ఆర్సీ పేరు మార్చుకోకుండా తిరగడం. పాత ఓనరు పేరు మీదే ఏళ్ళ తరబడి నడుపుతుంటారు. ఇన్సూరెన్స్ మీ పేరుకు మారకపోతే మీ కారు డ్యామేజీకి క్లెయిము రాదు. అమ్మినోడికీ ప్రమాదమే, మీరు గుద్దితే నోటీసు ఆయన ఇంటికి పోద్ది. పదిహేనేళ్ళు నిండిన కారు లక్షకే వస్తుందని మురవకండి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది. గ్రీన్ ట్యాక్స్ వేరే.

నా సంగతి చెప్పి ముగిస్తాను. ఈ నెలలో కారు అమ్మేస్తున్నాను. 2,70,000 ఇస్తామన్నారు. ఫైనాన్స్‌కు ఇంకా 1,05,000 కట్టాలి. చేతికి మిగిలేది 1,65,000. నేను పెట్టింది డౌన్ పేమెంట్ 1,70,000, ఇప్పటిదాకా కట్టిన 31 కిస్తీలు 2,11,792, మొత్తం 3,81,792. అంటే పెట్రోలు, ఇన్సూరెన్స్, రిపేర్లు కాకుండా 31 నెలల్లో రెండు లక్షల పదిహేడు వేలు పోయాయి. మిగిలిన డబ్బుతో ముందు మిర్చికి డ్రిప్పు వేస్తాను. మిగిలింది మార్చి దాకా మందులకు. ఈ ఏడు మందుల కోసం ఎవరి ఇంటి ముందూ నిలబడకూడదు.

కారు అమ్మితే ఊళ్ళో ఏమనుకుంటారో అని రెండు నెలలు ఆగాను. ఆ రెండు నెలల ఖరీదు, రోజుకు మూడు వందల లెక్కన, 18 వేలు. ఊరోళ్ళ మాటకు నేను కట్టిన జరిమానా అది.

తమ్ముళ్ళారా, మీరు కొనే ముందు ఒక్క పని చేయండి. పిల్లల పాత నోటుబుక్కు తీసుకొని మూడు నెలలు రాయండి. ఏ రోజు కారు కావాల్సి వచ్చింది, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, కిరాయి కారుకైతే ఎంత అయ్యేది. మూడు నెలల మొత్తాన్ని నాలుగుతో గుణించండి. అది లక్ష దాటితే పోయి కొనుక్కోండి, నేను అడ్డం రాను. దాటకపోతే నాలుగిళ్ళు కలిసి, ఊళ్ళో పసుపు బోర్డు కారు నడిపే పిల్లాడితో మాట్లాడుకోండి. రాత్రి ఏ టైముకు ఫోను చేసినా రావాలి, నెల నెలా లెక్క చూసి డబ్బు ఇస్తాం అని. మన ఊరి పిల్లాడికి పని దొరుకుద్ది, మనకు కారు దొరుకుద్ది.

ఇప్పటికే కారు ఉన్నోళ్ళు నా మీద కోపం పెట్టుకోకండి. ఇవాళ రాత్రికి మీటరు రీడింగు ఒక చోట రాసి పెట్టుకోండి. వచ్చే ఏడు దీపావళికి మళ్ళీ చూసుకోండి. అప్పుడు ఇదే లెక్క మీరే కట్టుకోండి. నాది తప్పని తేలితే అందరి ముందూ ఒప్పుకుంటాను.

పత్తి ఆరాక తేమ చూసుకొనే మార్కెట్టుకు తీసుకుపోండి. తొందరపడి తడి పత్తి తీసుకుపోయి ప్రైవేటు వాడికి అగ్గువకు ఇచ్చి రాకండి. ఆ డబ్బు మళ్ళీ రాదు.

మీ తోటి రైతు